వెనక ఉండాల్సిన నీళ్లబండి

జట్టులో ఆమెను అందరూ ‘తోక’ అంటారు. సిటీ బస్సు నడిపే మనిషి, ఎడారి మీదుగా సాగే ఈ ఆరు రోజుల సైకిలు యాత్రలో అందరికంటే వెనక తొక్కే పని ఒప్పుకుంది. ఆ పనికి నియమం ఒక్కటే. ఆమె వెనక నీళ్లబండి తప్ప ఇంకెవరూ మిగలకూడదు.

మూడో రోజు పదకొండింటికి ఆ బండే హారన్ కొట్టుకుంటూ ఆమెను దాటి ముందుకెళ్లిపోయింది. నాయకుడి హుకుం. ఆయన పళ్ల డాక్టరు. ఎదురుగాలికి బండి అడ్డుంటే దాని వెనక నక్కి వేగంగా తొక్కవచ్చట, గంట ముందు చేరి వీడియో తీయించుకోవచ్చట. అసలే ఎండకు మండుతున్న ఆమె ఒళ్లు ఇంకాస్త మండింది.

వెనక మిగిలింది ఆమె, దర్జీ బాబాయి. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన కాళ్లకు సైకిలో లెక్కా అని బయల్దేరిన పెద్దమనిషి. ఆయన సైకిలు వంకర్లు పోతుంటే దింపి చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది, చెమట చుక్క లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. రోడ్డు కింద తూములో కాస్త నీడ ఉంటే అక్కడికి ఈడ్చుకెళ్లి, తన సీసాలో మిగిలిన సగం నీళ్లూ ఆయన తల మీద పోసి డాక్టరుకు ఫోను చేసింది.

“బండి వెనక్కి పంపండి. బాబాయికి వడదెబ్బ తగిలింది.”

“ఇంకో పాతిక కిలోమీటర్లేగా అమ్మా. మెల్లగా తీసుకొచ్చెయ్.”

“ఇక్కడ చుక్క నీళ్లు లేవు.”

“ఒక్కడి కోసం పన్నెండు మందిని ఆపమంటావా?” అని పెట్టేశాడు.

బస్సు డిపోలో నేర్చిన తిట్లన్నీ తిట్టింది. అవి చాలక సొంతంగా కొన్ని కల్పించింది. బాబాయి మాట్లాడడం మానేశాక ఆమెకు తిట్లు కూడా రాలేదు. చాలాసేపటికి ఒక ఉప్పు లారీ కనబడితే తనే రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

ముందున్న ఊరి ఆసుపత్రిలో రెండు సెలైన్లు ఎక్కాక గానీ బాబాయి కళ్లు తెరవలేదు. సాయంత్రం పళ్ల డాక్టరు పలకరించడానికి వచ్చాడు.

బాబాయి లేవబోతూ, “నావల్ల అందరికీ ఇబ్బంది. క్షమించండి డాక్టరుగారూ” అన్నాడు.

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నువ్వు పడుకో బాబాయ్. చెప్పాల్సినవాళ్లు నిలబడే ఉన్నారు.”

డాక్టరు గోడ వైపు చూశాడు. ఆమె బయటికెళ్లి బండి డ్రైవరు ముందు చెయ్యి చాపింది. మధ్యాహ్నం నుంచి ఆమె మొహం చూడలేకపోతున్న అతను మారుమాట లేకుండా తాళం ఇచ్చేశాడు.

“బాబాయి లేచి నడిచేదాకా ఈ బండి ఇక్కడే ఉంటుంది” అంది, వెనకే వచ్చిన డాక్టరుతో.

“ఇదెక్కడి న్యాయం? రేపు మమ్మల్ని నీళ్లు లేకుండా ఎడారిలో వెళ్లమంటావా?”

“మీరే చెప్పండి” అంది.