బూటు కింద నలిగిన పొడుగుకాళ్ల ఈగ

ఈ రోజు మా నర్సరీలో ఒక ఈగ కోసం నెత్తురు కారింది.

ప్రపంచ కప్ స్టేడియాల చుట్టూ నాటే చెట్లు పెంచే నర్సరీ మాది, గల్ఫ్‌లో, మదీనత్ అల్ షమాల్ ఊరి దగ్గర. పొద్దున ఉత్తర యూరప్ నుంచి వచ్చిన మట్టి సంచి కోయగానే ఒక ఈగ బయటికొచ్చింది. కాళ్లకు వెదురు కర్రలు కట్టుకున్నట్టు నడుస్తోంది. మట్టిని పరీక్షించడానికి అక్కడి నుంచే వచ్చిన ముసలి నిపుణుడు మోకాళ్ల మీద కూలబడి, ముప్పై ఏళ్లుగా తమ అడవుల్లో దీని కోసమే వెతుకుతున్నానని ఇంగ్లిష్‌లో చెప్పాడు.

నా పక్కనున్న జగిత్యాల రాజన్నకు ఇంగ్లిష్ రాదు. సంచిలో పురుగు కనబడితే చంపాలన్నదే మాకు నేర్పిన పని. బూటుతో ఒక్క తొక్కు తొక్కాడు.

నిపుణుడు లేచి అతని చెంప పగలగొట్టాడు. రాజన్న ఊరుకుంటాడా? కాలర్ పట్టి ఆయన్ను సంచుల మీదికి విసిరేశాడు. విడదీయబోయిన నాకు పన్ను కదిలింది.

కాసేపటికి ఆ పెద్దమనిషే రాజన్న కాళ్ల దగ్గర కూర్చుని, బూటుకు అంటిన ఈగ కాళ్లను చిన్న పట్టకారుతో ఏరసాగాడు.

"ఏం జేస్తుండు?" అన్నాడు రాజన్న.

"కాళ్ల మీది చారలు చూసి దాని పేరు కనుక్కుంటాడట."

రాజన్న నెత్తురు ఉమ్మి, "నాలుగేండ్ల సంది ఈడి సార్లు నన్ను యల్లా, యల్లా, జల్ది నడువు అనుడే. నా పేరు గూడ కనుక్కోమను" అన్నాడు.

ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన తలెత్తకుండానే, "ఒక్క నిమిషం, ఇంకో కాలు ఉంది" అన్నాడు.

మీరు పనిచేసే సైట్‌లో మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే సార్ ఎవరైనా ఉంటే కింద రాయండి. అది ఈగ కంటే అరుదైన జాతి.