ఎండకు వంగని కొవ్వొత్తులు

మొన్న బాన్సువాడ బస్టాండు దగ్గరి మందుల దుకాణంలో, పగిలిన మడమలకని కొనుక్కున్న క్రీము డబ్బా మీది సన్నటి అక్షరాలు చదువుతుంటే స్టియరిక్ యాసిడ్ అన్న పేరు కనబడి, ఏనాడో విడిపోయిన మనిషి జనంలో ఎదురైనట్టు అక్కడే నిలబడిపోయాను. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు కనుక, నా ఈడువాళ్లైన మీకే చెబుతున్నాను.

పెళ్లయిన రెండో ఏడే మా ఆయన మద్నూరు రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. అత్తవారింట ఇమడలేక, ఇక్కడొక గది కిరాయికి తీసుకుని, కుట్టుపని చేసుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా బతికాను. పక్కింటి పెద్దామె, గల్లీలో అందరూ అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే ఆమె, కొవ్వొత్తులు పోసి అమ్మేది. ఒకరోజు తనే నా గదిలోకి వచ్చి, "గిట్ల గోడలదిక్కు చూసుకుంట ఎన్నొద్దులు కూసుంటవ్ బేటీ? వత్తులన్న కత్తిరిద్దువు రా" అని చెయ్యి పట్టి లాక్కుపోయింది.

వెళ్లి వత్తులు కత్తిరించడం మొదలుపెట్టాను. ఆ ఎండాకాలం మేం పోసిన కొవ్వొత్తులన్నీ రేకుల కింది వేడికి మెత్తబడి, పెళ్లిపందిట్లో కునుకుతీసే ముసలాళ్లలా ఒకదాని మీదికొకటి వాలిపోయాయి. ఆపా నెత్తిన చేతులు పెట్టుకుంటే నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాను. ఆయన పోయాక అదే నా మొదటి ఏడుపు. ఆపా కొంగుతో నా మొహం తుడిచి, "ఏడువు బేటీ, కొవ్వొత్తులదేముంది, మళ్ల పోసుకుందం" అన్నది.

మైనం అమ్మే నిజామాబాదు దుకాణదారు చెప్తే స్టియరిక్ యాసిడ్ తెచ్చుకున్నాం. యాసిడ్ అంటే ముట్టుకోవడానికే జంకాం. తీరా చూస్తే సబ్బు తురుములాంటి తెల్లటి పలుకులు, కొవ్వులోంచి తీస్తారట, సబ్బుల్లోనూ క్రీముల్లోనూ వేస్తారట. మైనంలో కరిగించి పోస్తే కొవ్వొత్తి పాలలా తెల్లగా, గట్టిగా నిలబడింది. ఇగ ఏ ఎండాకాలమూ మమ్మల్ని భయపెట్టలేదు. ఆ పొయ్యి ముందు కూర్చునే, ఆయన గురించి దాచుకున్నదంతా ఆపాకు చెప్పుకున్నాను.

మోకాళ్లు పట్టుకుపోయాక ఆపా పెద్ద కొడప్‌గల్‌లో కూతురి దగ్గరికి చేరింది. చివరిసారి చూడబోయినప్పుడు నన్ను పోల్చుకోలేదు. అయినా, "ఎవరు బేటీ నువ్వు, తిన్నవా?" అని అడిగింది. ఆ రంజాన్ రాకముందే వెళ్లిపోయింది.

ఇప్పుడు కరెంటు పోవడమే అరుదు, పోయినా ఎవరి ఇన్వర్టర్ వాళ్లది. ఒకప్పుడు దీపాలు ఆరగానే గల్లీ అంతా గడపల మీదికొచ్చి, మొహాలు కనబడకపోయినా గొంతులను బట్టి ఒకరినొకరు పలకరించుకునేది. ఇప్పుడు గల్లీ నిండా వెలుగే, అందరి మొహాలూ కనబడతాయి. లోపల నేనున్నానో లేనో కనుక్కునే గొంతే వినబడదు.