కల్వర్టు దగ్గర సున్నా

కార్ల ఇంజన్లు ట్యూన్ చేయడానికని ఇప్పటికి మూడు కంప్యూటర్లు కొన్నాను. మూడూ చిన్నవే, మూడూ చవకవే. మొదటి రెండింటినీ నేను తిట్టిన తిట్లకు, అవి మనుషులై ఉంటే ఊరొదిలి పోయేవి. వాటి తప్పేమీ లేదని తెలిసేసరికి ఒకటి చేయి దాటిపోయింది.

మా షెడ్డు కంభంలో గిద్దలూరు రోడ్డు మీద ఉంది. నాయన పెట్టిన షెడ్డు. ఆయన ట్యూనింగంతా చెవితోనూ కాలితోనూ నడిచేది. బండి సిద్ధం కాగానే గిద్దలూరు వైపు ట్రయల్‌కు తీసుకుపోయేవాడు. టాప్ గేర్‌లో వేసి, యాక్సిలరేటర్ ఒకే చోట నొక్కిపట్టి నాలుగు మైళ్లు పోనిచ్చేవాడు. తర్వాత ఉన్నపళంగా ఇంజన్ ఆపేసి, బండిని పక్కకు దొర్లనిచ్చి, స్పార్క్ ప్లగ్ ఊడదీసి మొన రంగు చూసేవాడు. బిస్కెట్ రంగుంటే పెట్రోలు సరిగ్గా అందుతున్నట్టు. నల్లగా ఉంటే ఎక్కువైనట్టు, తెల్లగా పాలిపోతే చాలనట్టు. మధ్యలో కాలు కదిలితే ఆ రంగును నమ్మడానికి లేదు.

"ట్రయల్‌లో కాలు ఎత్తగూడదురా. ఎవురు పిలిచినా ఎత్తగూడదు" అనేవాడు. నాకు పని నేర్పడం మొదలుపెట్టిందే ఆ మాటతో.

దర్శి నుంచి ఒకాయన పాత కారు తెచ్చినప్పుడు ఆ పద్ధతి చెల్లలేదు. ఎక్కడో దెబ్బతిన్న పెద్ద కారు ఇంజన్ దానికి బిగించారు. పెట్రోలు ఎంత పోయాలో, నిప్పు ఎప్పుడు అంటించాలో చెప్పేందుకు ఒక చిన్న పెట్టె అమర్చారు. ఆ పెట్టెలోని అంకెలు మార్చాలంటే కంప్యూటర్ తగిలించాలి. బండి ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులు ఇస్తోందనీ, శనివారానికి కుదరకపోతే ఒంగోలు తీసుకుపోతాననీ ఆయన చెప్పిపోయాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ కారు పోతుందన్న దిగులు లేదు. నా పని చూసి నాయన ఒక్కసారి బాగుందనాలి. ముప్పై ఏళ్లు వచ్చినా ఆ మాట నాకు దక్కలేదు. ఈ పనిలోనైనా దక్కుతుందని ఆశ.

"ఇంజన్‌కు జబ్బు చేస్తే ఇంజన్ను అడగాల గానీ, పలకనడుగుతారా ఎవురైనా?" అన్నాడు నాయన. కంప్యూటర్‌ను ఆయన చివరిదాకా పలక అనే పిలిచాడు.

మొదటి పలక మార్కాపురంలో పాత సామాన్ల కొట్టులో దొరికింది. నాకు కావలసింది కొంచెమే. పొట్టకూ డాష్‌బోర్డుకూ మధ్య ఇమడాలి. పెట్టెతో వచ్చిన పాతకాలపు కేబుల్ దూరే సందు ఉండాలి. గుంటలో పడ్డప్పుడల్లా ఆరిపోకూడదు. ఎండలో అంకెలు కనపడాలి. కొట్టతను "పిల్లల చదువుకా అన్నా?" అని అడిగితే "కారుకు" అన్నాను. అతను ఇంకేమీ అడగలేదు. నేను దాన్ని పట్టుకుని రోడ్డు మీదికి పోయి ఎండలో అటూ ఇటూ తిప్పుతుంటే మాత్రం, "అది చీర కాదన్నా, ఎండలో రంగు చూసేదానికి" అని కేకేశాడు.

నాయన నడిపాడు, నేను పక్క సీట్లో పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. యాక్సిలరేటర్ ఎంత నొక్కామో ఇంజన్ దగ్గరున్న సెన్సర్ చెబుతుంది, కంప్యూటర్ దాన్ని గీతగా గీస్తుంది. నాయన కాలు గీసిన గీతను వంగి దగ్గరగా చూశాను. బిగదీసి కట్టిన దారం లాగా ఉంది. ఇన్నేళ్లూ ఆయన చెప్పుకున్నది గొప్పలు కాదన్నమాట. అంతలో ఆ గీత ఉన్నట్టుండి సున్నాకు పడిపోయింది. రెండు సెకన్లు. మళ్లీ లేచి మునుపటి చోటికే వచ్చింది. బండి కూడా ఒక్క క్షణం తడబడినట్టు అనిపించింది.

"నీ పలకకు కళ్లు తిరిగినాయి" అన్నాడు నాయన.

సెన్సర్ మార్చాను. వైర్లు మార్చాను. రోజుకు రెండుసార్లు ట్రయల్‌కు పోయాం, రెండుసార్లూ గీత పడింది. సెన్సర్ తప్పు చెబుతోంది, దాని మాట విని పెట్టె పెట్రోలు ఆపేస్తోంది, అందుకే బండి తడబడుతోంది అనుకున్నాను. సెన్సర్ మంచిదేనని తేలాక కంప్యూటర్ మీద పడ్డాను. చవకది కదా, మధ్యమధ్యలో బిగుసుకుపోయేది కూడా. నాయన ముందు పరువు తీసిందని దాన్ని గిద్దలూరులో ఒక రిపేరు కొట్టులో ఇచ్చేసి, ఇంకొంచెం మెరుగైన చిన్నదాన్ని తెచ్చాను. అన్నిటినీ అనుమానించాను గానీ నాయన కాలును అనుమానించలేదు. మా ఇంట్లో అట్లాంటి ఆలోచన ఎవరికీ రాదు.

రెండోదానిలోనూ గీత పడింది.

ఆ మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని, మొదటిదానిలోంచి ఎక్కించుకున్నవాటితో సహా పాత ట్రయల్స్ అన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. వేగాన్ని బట్టి షెడ్డు నుంచి ఎంత దూరంలో గీత పడిందో లెక్క కట్టాను. అన్నీ ఒకే చోట. సరదాకి ఒకరోజు మా పక్కింటాయన కారుకు తగిలించి నాయనతో నడిపించిన ట్రయల్ కూడా ఒకటి ఉంది. వేరే కారు, వేరే సెన్సర్. అదీ అక్కడే పడింది. సెన్సర్లకు ఊర్లూ దారులూ తెలియవు.

మరునాడు పలక తెరిచి ఒళ్లో పెట్టుకున్నాను గానీ దానివైపు చూడలేదు. నాయన కాలినే చూస్తూ కూర్చున్నాను. అరిగిన హవాయి చెప్పు, మసి పట్టిన మడమ. ఆయన దర్శి ఆయన పిసినారితనం గురించి ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. నేను లెక్క కట్టిన చోట, ముళ్లతుమ్మ చెట్టు పక్కనున్న కల్వర్టు వచ్చింది. కాలు పైకి లేచింది. పెడల్‌కు రెండంగుళాల మీద గాల్లో ఆగింది. మాట ఆగలేదు, చూపు రోడ్డు మీదనే ఉంది. కల్వర్టు దాటగానే కాలు తన చోటికి పోయి కూర్చుంది.

"నాయనా, కాలు ఎత్తినావు."

"నేనెత్తలేదు."

"కండ్లారా చూసినా."

"కాలు ఎత్తేదానికి నిన్న మొన్న స్టీరింగ్ పట్టినానేందిరా నేను?"

నాకు ఒళ్లు మండింది. వారం రోజులు, ఒక కంప్యూటర్, నా పరువు, అన్నీ ఆ రెండంగుళాలలో పోయాయి. బండి తిప్పమన్నాను. మళ్లీ వెనక్కి పోయి మళ్లీ రమ్మన్నాను. ఈసారి కాలు చూసుకొమ్మన్నాను. తండ్రితో అట్లా మాట్లాడినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. ఆయన పంతానికి తిప్పాడు. కల్వర్టు దగ్గర కాలు లేచింది. ఈసారి ఆయన కూడా చూశాడు.

దాటిన తర్వాత బండి పక్కకు తీసి ఆపాడు. దిగలేదు. స్టీరింగ్ వదల్లేదు.

"నువ్వు చేతిబిడ్డవి అప్పుడు" అన్నాడు. "జీపొకటి ట్రయల్‌కు తెచ్చినా. ఇంజన్ పాడతా ఉండాది. అదో, ఆ తుమ్మకాడ గొర్రెలకాపరి నిలబడి చెయ్యెత్తినాడు. భుజాన గొంగట్లో బిడ్డ. మొగం కనపడలా. కాళ్లు వేలాడతా ఉండినాయి, చిన్న పట్టీలు. ఇంకో మైలు పోతే ట్రయల్ అయిపోతాది, వచ్చేటప్పుడు ఎక్కించుకుందాంలే అనుకున్నా. కాలు ఎత్తలేదురా."

స్టీరింగ్ మీది మసిని బొటనవేలితో తుడిచాడు.

"ప్లగ్గు తీసి చూసినా. బిస్కెట్ రంగు. అట్లాంటి రంగు మళ్లా ఏ బండికీ రాలేదు. తిరిగొచ్చేసరికి ఈడ ఎవురూ లేరు. రెండ్రోజులకు టీ బంకుకాడ చెప్పుకుంటా ఉండారు, కాపరోళ్ల బిడ్డను పాము కరిచిందంట, ఆస్పత్రికి మోసుకొస్తా ఉంటే దావలోనే పోయిందంట అని. వాళ్లకోసం పెద్దారవీడు దాకా పోయినా. మందను అడివి మీదికి తోలుకొని పోయినారన్నారు."

"అదే బిడ్డని నీకెట్ల తెలుసు?" అన్నాను.

"తెలీదు. అదేగదరా."

ఇంటికి వచ్చేదారిలో, కంభం చెరువు కట్ట కనపడ్డాక, "నీ పలక నిజమే చెప్పిందిరా. నీ పని బాగుండాది" అన్నాడు. ఆ మాట కోసమే కదా ఇంత చేసింది. వచ్చాక, ఎందుకు వచ్చిందా అనిపించింది. ఏడుపు వచ్చింది గానీ ఎవరి కోసమో తెలియలేదు.

దర్శి కారు శనివారానికి వెళ్లిపోయింది. దాని జబ్బు మొదట్లో అంకెలు మార్చినప్పుడే కుదిరింది, తర్వాత కనపడిన తడబాటంతా నాయన కాలిదే. ఆ తర్వాత ఆయన ట్రయల్‌కు రాలేదు. మోకాలు నొప్పి అనేవాడు. షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని, బండి శబ్దం విని ఏం లోపమో చెప్పేవాడు, అది ఎప్పుడూ నిజమే అయ్యేది. రెండేళ్ల కిందట వానాకాలంలో ఊపిరి ఆడక పోయాడు. ఆయన చెప్పింది నేను అమ్మకు చెప్పలేదు, నా భార్యకూ చెప్పలేదు. ఆయన పాపం చిన్నదో పెద్దదో నాకు తెలియదు. దాన్ని ఇంకొకరి ముందు పెట్టి తూకం వేయించడం ఇష్టంలేదు.

రెండో కంప్యూటర్‌లో ఆయన కాలు ఉండిపోయింది. పని లేనప్పుడు ఆ ట్రయల్స్ తెరిచి చూసేవాణ్ణి. దారంలాంటి గీత, ఒక చోట గుంట, మళ్లీ దారం. ఆ గుంట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ భయం వేసేది, అయినా చూసేవాణ్ణి. ఫోటోలో ఆయన ముఖం చూస్తే ఇంత దగ్గరగా అనిపించదు.

ఈ ఎండాకాలం అది తెర ఆరిపోయి, తర్వాత డిస్కు కూడా పోయి, నాయన గీతలతో సహా ఆగిపోయింది. మార్కాపురానికి మూడోదాని కోసం పోయాను. ఈసారి నా భార్య వెంట వచ్చింది. నాయన పోయినప్పటి నుంచి ట్రయల్‌లో పలక పట్టుకునేది ఆమే. నేను నడుపుతాను. నాకు తట్టని ప్రశ్నలన్నీ ఆమె అడిగింది. ఎండలో చూడ్డానికి ఆమే బయటికి తీసుకుపోయింది. కొట్టతను మారిపోయాడు, చీర సంగతి ఎవరూ ఎత్తలేదు. చిన్నది, తేలికది, గంటలకొద్దీ బ్యాటరీ ఆగేది ఒకటి ఎంచుకుని ఇద్దరం సంతోషంగా ఇంటికి వచ్చాం.

మరునాడు పొద్దున్నే గిద్దలూరు వైపు ట్రయల్‌కు తీసుకుపోయాం. ఎండ ఇంకా ముదరలేదు. రోడ్డు ఖాళీగా ఉంది. టాప్ గేర్‌లో వేసి కాలు బిగించాను. ఆ తుమ్మచెట్టును రోడ్డు వెడల్పు చేసినప్పుడే కొట్టేశారు. కల్వర్టు వచ్చింది, పోయింది.

"ఈడ సున్నాకు పడిందే" అంది ఆమె.

"కేబుల్ వదులై ఉంటాది. కొత్తది గదా" అన్నాను.

"కేబులేందయ్యా, నేను నీ కాలే చూస్తా ఉండా."

"నేనెత్తలేదు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఆమె ఉలిక్కిపడింది. అది నాయన గొంతు. ఆయన నోట విన్న మాటే, అదే కోపం. పాదం కిందికి చూసుకున్నాను. అది పెడల్ మీద ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

ఆమె వెనక్కి తిరిగి అద్దంలోంచి కల్వర్టు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"ఏందయ్యా, ఆడ ఎవురన్నా చెయ్యెత్తినారా, కాలు తీసినావు?" అంది.

"ఎత్తినాడు" అని, బండి పక్కకు తీసి ఆపాను.