బావ పేరుకు శ్రీ తగిలిస్తే

చిల్పూరు బుగులు వెంకన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా ఒట్లను మా ఇంట్లో ఎవరూ నమ్మరు. అయినా వేస్తున్నాను.

నా పెద్దబిడ్డ పెళ్లిలో మా అక్క మొగుడి విస్తట్లో మూలుగున్న నల్లిబొక్క పడలేదు. ఆ అలకతో బావ ఘనపూర్ నుంచి మా జనగామ గడప తొక్కడం మానేశాడు. ఇప్పుడు చిన్నబిడ్డ పెళ్లి. అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మన ఖాందాన్ పుస్తకం రాస్తున్నవట గద. మొదటి పేజీల ఆయన ఫొటో పెద్దగ పెట్టు. పెండ్లికి ముందుగాల తెచ్చి చూపియ్యి. ఆయన రాకుంటె నేను గూడ రాను, సూస్కో."

పెట్టాను. కంప్యూటర్‌లో ముందుమాట నుంచి ఒక వాక్యం కొట్టేస్తే బావ మాయం. వెతగ్గా వెతగ్గా, కొత్తగూడ అడవిలో మా తాత ఎద్దును పులి ఎత్తుకుపోయిన అధ్యాయంలో, సరిగ్గా పులి పక్కన దొరికాడు. చెవి పట్టుకుని వెనక్కి తెచ్చాను. ఈలోగా పేజీ నంబర్లు ప్రతి అధ్యాయానికీ ఒకటి నుంచి మొదలయ్యాయి. ఒక్క శీర్షికను లావు చేస్తే వంశమంతా లావెక్కింది.

ముద్రణకని డీటీపీ దుకాణంలో తెరిస్తే ముత్తాత పేరులోని కొమ్ములు, గుడులు ఊడి పక్కన పడి ఉన్నాయి.

"గిది ఫాంటు లొల్లి అన్నా," అన్నాడు దుకాణదారు. ఇద్దరం కూర్చుని కల్లంలో గింజలు ఏరినట్టు ఏరాం. అంతా కుదిరింది. అప్పుడు మళ్లీ అక్క.

"ఆయన పేరు ముంగట శ్రీ పెట్టినవా?"

పెట్టలేదు. పెట్టాను. ఇంకోసారి చూడకుండా అచ్చుకిచ్చాను.

ఘనపూర్‌లో బావ పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలో శ్రీ ఉంది, పేరు ఉంది, మనిషి లేడు. పేజీలు తిప్పాడు. 'కీర్తిశేషులు' దగ్గర ఆగాడు. పూలదండ అంచులో, తాత ఉండాల్సిన చోట, మీసం దువ్వుకుని తానే ఉన్నాడు. కింద తాత గురించి నేను రాసింది: 'అడిగినవారికి లేదనని దాత. వీరు లేని లోటు తీరనిది.'

"బతికున్న మనిషికి దండేసినవ్ గదరా!" అని అక్క నెత్తి కొట్టుకుంది. నేను చెప్పులెక్కడున్నాయో చూసుకున్నాను.

బావ అద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాడు.

"బామ్మర్ది, నేను లేని లోటు తీరదా?"

"ఎట్ల తీరుతది బావా!"

"మరి నేను రాకుంటె పెండ్లి ఎట్లయితదిరా?"

వచ్చాడు. ఈసారి గరిట నేనే పట్టుకున్నాను.

ఒట్టేశాను గనుక ఒప్పుకుంటున్నాను. పుస్తకంలో కల్పించింది ఒక్కటే, తాత దానగుణం. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషాయన. ఆ మాటలు ఎవరి ఫొటో కింద ఉన్నా అబద్ధమే. అందుకే మిగతా ప్రతుల్లోనూ బావను అక్కణ్ణుంచి కదపలేదు. కదిపితే ఈసారి పులి నోట్లో తేలతాడేమోనని భయం.