డోర్కస్ కోసం నేను కల్పించిన పేజీ

డెట్‌ఫర్డ్‌లో ట్రిమ్మర్ ముక్కుపొడుం కొట్టు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ఆ ట్రిమ్మర్ని నేనే. నెలకోసారి విన్‌స్లేడ్ దొరగారి నవల కొత్త భాగం వచ్చిందంటే, ఆ సాయంత్రం వీధి వీధంతా నా కొట్లోనే ఉండేది. చదివేవాణ్ణి నేను. మనిషికో గొంతు పెట్టి చదివేవాణ్ణి. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరే కొంప ముంచింది.

నా ఎడమపక్క పీపా మీద డోర్కస్ పెల్లింగ్ కూర్చునేది. అరవై దాటిన మనిషి, నలుగురి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి బతికేది. ఆమెకు ఎడమ చెవి వినపడదు. కుడిచెవి నా వైపు పెట్టి వినేది. ఆ చెవి ఎలా పోయిందో వీధిలో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ల కిందట ఆర్థర్ విన్‌స్లేడ్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడు ఆమె ఇంటి పైగదిలో ఉండేవాడు. ఇంట్లోవాళ్లు వాణ్ణి కొవ్వొత్తుల కార్ఖానాలో పనికి పెట్టి చేతులు దులుపుకున్నారు. వాడికి ఒళ్లంతా దద్దుర్లతో ఎర్రజ్వరం తగిలితే ఆ మెట్లెక్కడానికే అందరూ భయపడ్డారు. డోర్కస్ ఆరు వారాలు తలుపేసుకుని వాడి మంచం పక్కనుంచి కదల్లేదు. వాడు లేచి కూర్చునేసరికి జ్వరం ఈమెకు అంటుకుంది, పోతూ పోతూ ఒక చెవి పట్టుకుపోయింది.

"పెద్దయ్యాక నిన్ను మర్చిపోను డోర్కసమ్మా" అన్నాడట వాడు. ఆ పిల్లాడే ఇప్పుడు దేశమంతా చదివే రచయిత.

చదవడం అయ్యాక చెప్పులు కుట్టే గెడ్జ్ నవలని విప్పి ఆరేసేవాడు.

"కథలో నెడ్ అంటే దొరగారే! పేరు మార్చేస్తే మనకి తెలీదేంటి? ఆ సవతితండ్రి బెత్తం నిజం. ఆ కార్ఖానా కంపు మన కార్ఖానాదే. తల్లి చచ్చిపోయిందన్నది మాత్రం అబద్ధం, ఆవిడ నిక్షేపంలా ఉంది. చంపేస్తే మనం ఏడుస్తామని చంపాడంతే."

"అన్నీ వచ్చాయి, మరి నేనింకా రాలేదేంటయ్యా?" అనేది డోర్కస్.

"వస్తావమ్మా, జ్వరం రానీ" అనేవాణ్ణి.

ఏడో నెల భాగంలో ఆ జ్వరం వచ్చింది. సాయంత్రానికి సిద్ధంగా ఉందామని మధ్యాహ్నమే అంచులు అతికి ఉన్న పేజీలు కోసి చదివాను. అందులో మిసెస్ డాబ్ అని ఒకావిడ ఉంది. బట్టలు ఉతుకుతుంది. మెల్లకన్ను, దగ్గరికొస్తే జిన్ను సారా కంపు. నెడ్ ఒంటి మీద దద్దుర్లు చూడగానే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, వాణ్ణి మెట్ల మీదకి ఈడ్చి పారేసింది. కాపాడిందేమో తెల్లటి చేతుల పాదిరీగారి కూతురు! నాకు ఒళ్లు మండిపోయింది. ఛీ, వీడూ ఒక మనిషేనా అనుకున్నాను.

సాయంత్రం డోర్కస్ టోపీకి కొత్త రిబ్బన్ కట్టుకుని వచ్చింది. ఆ రిబ్బన్ చూశాక ఉన్నది చదవడానికి నోరు రాలేదు. పేజీ వంక చూస్తూ, అందులో లేనిది చదివాను. మూసిన తలుపు, ఆరు వారాలు, కాళ్లు కాపడానికి వేడి చేసిన ఇటుకలు, పోయిన చెవి, అన్నీ చెప్పాను. కొట్లో ముక్కు చీదనివాడు లేడు.

"చూశారా, నా తండ్రి నన్ను మర్చిపోలేదు!" అని డోర్కస్ ఏడ్చింది. నిజం చెప్పొద్దూ, నా కల్పనకి నేనే మురిసిపోయాను.

ఆ భాగం తనకిమ్మంది. ఎలాగూ ఆమెకి చదువు రాదు కదా అని, లేదనలేకపోయాను. శుభ్రమైన గుడ్డలో చుట్టి దిండు కింద దాచుకుంది.

ఈస్టరుకి గ్రేవ్‌జెండ్ నుంచి ఆమె చెల్లెలి కూతురు కెజియా వచ్చింది. ఆ పిల్లకి చదువొచ్చు. డోర్కస్ ఆ మూట పట్టుకుని బట్టలుతికే షెడ్డుకి వెళ్లి, పదిమంది ఆడవాళ్లని కూర్చోబెట్టి, "నా పేజీ చదవవే" అంది. కెజియా చదివింది. మెల్లకన్ను దగ్గర అందరూ విరగబడి నవ్వారట. మిసెస్ డాబ్ ఎవరో డోర్కస్‌కి ఆ నవ్వుల మధ్యలో అర్థమైంది.

మర్నాడు నా కొట్టుకి వచ్చింది.

"నాకు మెల్లకన్నుందా?"

"లేదమ్మా."

"జిన్ను తాగుతానా?"

"నువ్వు బాధపడతావని, నీకోసమే..."

"నాకోసమా? ఆ రోజు అందరూ మెచ్చుకుంది నన్నా, నిన్నా? వాడంటే ఎక్కడో బంగళాలో కూర్చుని రాశాడు, నా మొహం చూడక్కర్లేదు. నువ్వు నా పక్కన కూర్చుని అబద్ధం పోశావు. నాకున్నది ఒక్క చెవి, ట్రిమ్మరూ. దాంట్లో పోశావు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మళ్లీ పీపా మీద కూర్చోలేదు. కెజియా దగ్గర అక్షరాలు దిద్దుకుంటోందని గెడ్జ్ చెప్పాడు. ఈ వయసులోనా అని అందరూ వింతగా చెప్పుకున్నారు.

నవల ఆఖరి భాగం వచ్చిన నెలలో డోర్కస్ వచ్చింది. మూట విప్పి ఆ పాత భాగం బల్ల మీద పెట్టింది. ఇస్త్రీపెట్టె కాల్చిన వేలు మొదటి అక్షరం మీద ఆనించి, "మి... సె... స్..." అని మొదలుపెట్టింది. బేరాలు వచ్చి నిలబడ్డాయి. పంపించేశాను. ఒకచోట ఆమె ఆగిపోతే "ఈడ్చి" అని అందించబోయాను.

"నోర్ముయ్" అంది.

మెల్లకన్ను చదివింది. జిన్ను చదివింది. తన చేతులు వాణ్ణి మెట్ల మీదకి ఈడ్చిపారేయడం కూడబలుక్కుని చదివింది. అరగంట పట్టింది. ఒక్క మాట దాటలేదు.

"ఇలా చదవాలి ట్రిమ్మరూ. ఉన్నది ఉన్నట్టు" అంది. గుడ్డ మాత్రం మడిచి తీసుకుని, ఆ భాగాన్ని నా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.