ఉప్పులో దేవుడు, ఆకాశంలో దేవుడు, పొలిమేర దాటిన అమ్మవారు

నేను రాస్తున్న నవలలో ఒక కల్పిత లోకం ఉంది. అక్కడ ఉప్పు పండించేవాళ్ళకి దేవుడు ప్రతి ఉప్పురాయిలోనూ ఉంటాడు. కొండల మీదివాళ్ళ దేవుడేమో ఆకాశానికి అవతల ఉంటాడు, ఈ మట్టిని తాకనే తాకడు. రెండు మతాలకీ పూజలు పెట్టాను, కొట్లాటలూ పెట్టాను. కానీ ఊరు విడిచిపోయే నా నాయిక వెంట ఏ దేవుడు వెళ్తాడో తేలక ఆఖరి అధ్యాయం ఏడాదిగా మూలపడి ఉంది. కనీసం ఉప్పు మడులైనా కళ్ళారా చూద్దామని విశాఖలో పొద్దున్నే పలాస వైపు పాసింజరు ఎక్కాను.

నౌపడలో దిగేసరికి ఎండ ముదిరింది. మడులు తిప్పి, సాయంత్రం దాకా ఆగడానికి ఆటోకి ఐదు వందలు అన్నాడు డ్రైవరు. తెల్లటి కుప్పల మధ్య నా కథంతా చెప్పించుకుని, "దేవుడు ఉప్పులో ఉంటే మరి కూరలో ఏసుకుంటారేటమ్మా?" అని అడిగాడు. ఇంత రాసి నాకు ఆ అనుమానమే రాలేదు. నా మొహం చూసి జాలిపడ్డాడేమో, పక్క ఊళ్ళో ఆ రోజే అమ్మవారి అనుపు ఉందని అక్కడికి తీసుకెళ్ళాడు.

ఇక్కడ అమ్మవారి జాతరని సంబరం అంటారు, దాని మొదట్లో అమ్మవారిని ఘటంలోకి పిలుస్తారు. పసుపు రాసిన ఆ కుండే ఇన్నాళ్ళూ అమ్మవారు. చివరి రోజు పొలిమేర దాటించి అంపేస్తారు, అదే అనుపు. ఈసారి ఘటం అప్పలనర్సమ్మ అనే ఆవిడ ఇంట్లో ఉంది. ఆమె కొడుక్కి మర్నాడు శ్రీకాకుళంలో ఆపరేషను. భర్త ఆసుపత్రిలో ఉన్నాడు, ఘటాన్ని వదిలి వెళ్ళలేక ఈవిడ ఇక్కడ ఉండిపోయింది. ఆపరేషను అయ్యేదాకా ఇంకొక్క రోజు అమ్మవారిని ఉంచమని ఊరిపెద్దని బతిమాలుతోంది. వరసకి ఆమెకి మామ అవుతాడాయన.

"పుట్టింటికొచ్చిన ఆడపడుచునైనా రోజు దాటి ఆపుతామేటే?" అన్నాడాయన మెల్లిగా. ఆమె ఘటం తనే తలకెత్తుకుంది. నాకు మాత్రం ఆ పెద్దమనిషి మీద ఒళ్ళు మండింది.

పొలిమేర అవతల వేపచెట్టు కింద ఘటం దించి, అందరూ వెనక్కి చూడకుండా నడిచారు. ఆమె ఇంటికి కాక నేరుగా నా ఆటో దగ్గరికి వచ్చింది. శ్రీకాకుళం బస్సు కోసం టెక్కలి దాకా ఎక్కించుకున్నాం. మామ మీద కోపం లేదా అని దారిలో అడిగాను.

"అంపెయ్యమన్నప్పుడు కడుపు రగిలిపోనాది. దించాక అనిపించినాదమ్మా, ఆయమ్మ నా ఇంట్లోనే కూకుంటే అక్కడ నా బిడ్డ కాడ ఎవులుంటారు? ఈపాటికి సేరిపోయుంటాది."

నా రెండు మతాలూ దేవుడి చిరునామా కోసం కొట్టుకు చస్తున్నాయి. ఇక్కడ అమ్మవారికి ఊరితో రాకపోకలున్నాయి, అంతే. ఇంటికొచ్చి ఆఖరి అధ్యాయం మొదలుపెట్టాను కానీ మనసంతా ఆ ఆసుపత్రి దగ్గరే ఉంది. నంబరు అడగడానికి ఆ రోజు నోరు రాలేదు, పిల్లాడికి ఎలా ఉందో నాకు తెలియదు. మీరు వెళ్తే ఒక్క మాట: అనుపు అయ్యాక ఆ ఊళ్ళో ఆటోలు దొరకవు, ముందే మాట్లాడి ఆపుకోండి. పక్క సీటులో సామాను పెట్టకండి, అమ్మవారి వెనకాలే బయల్దేరాల్సినవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు.