అమావాస్యకే మా బ్యాండు పుస్తకం

ఈ రోజు నా సంతోషం పట్టలేక రాసేస్తన్నాను. డెబ్బైల్లో, ఎనభైల్లో వైజాగంతా మారుమోగిపోయిన మా పాటల బ్యాండు చరిత్రని మా అమ్మాయి సుజాత పుస్తకంగా రాసింది. మొదటి ప్రోగ్రాం నుంచి విడిపోయిన రోజు దాకా అన్నీ ఉన్నాయండీ! అందులో నేను డ్రమ్ములు, మా ఎర్రన్న గాయకుడు.

బ్యాండు ఆగిపోయాక ఎర్రన్న మళ్లీ స్టేజీ ఎక్కలేదు. "ఆయన పాడకపోతే పుస్తకం విడుదల చెయ్యను నాన్నా" అని అమ్మాయి మొండికేసింది. పొద్దున్నే ఇద్దరం రుషికొండ ఒడ్డుకి వెళ్లాం. ఎర్రన్న వల బాగుచేసుకుంటున్నాడు.

"దశమి మంచిరోజు, ఆ రోజే పుస్తకం విడుదల, వచ్చి పాడాలి" అన్నాను.

"దశమి నాడు మావోళ్లంతా సముద్రం మీదుంతారు బావా, ఎవులికి పాడమంతావు? మన మొదటి ప్రోగ్రాం ఏ రోజెట్టినాం, మర్సిపోనావేటి?"

నిజమే! అమావాస్యకి పడవలు కదలవు, ఒడ్డంతా జనమే. అందుకే ఆ రోజే మొదలెట్టాం. వ్యవసాయం ఇల్లు మాది. అమావాస్య నాడు కొత్త పనేటిరా అని మా అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడితే, డ్రమ్ములు పెరటి గోడ మీంచి దించుకున్నాను.

"అయితే అమావాస్యకే పెడదాం, పాడతావా?"

"పాడతాను. మైకు మంచిదెట్టించమ్మా" అన్నాడు సుజాతతో. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ అచ్చం మా అమ్మలాగే గుమ్మానికి అడ్డం నిలబడింది. గోడ దూకడానికి ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోవు. మీలో ఎవరైనా వచ్చి ఆవిడకి కాస్త నచ్చజెప్తారేటి?